ఫ్లాట్ హ్యాండిల్‌కి బార్ ఎండ్స్: ఏ రకం తీసుకోవాలి, ఎలా బిగించాలి?

పక్కచక్రం (ప్రశ్న):
నాది హైబ్రిడ్ సైకిల్. అల్యూమినియం ఫ్లాట్ బార్, వెడల్పు 620 మి.మీ., మామూలు రబ్బరు గ్రిప్పులు. గంట దాటితే చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయి. పట్టు మార్చుకోవడానికి బార్ ఎండ్స్ (హ్యాండిల్ చివర్లకి బిగించే కొమ్ముల్లాంటి అదనపు పట్టులు) వేద్దామనుకుంటున్నాను. పొట్టివా, పొడుగువా? గ్రిప్‌తో కలిసి వచ్చేవా, విడిగా బిగించేవా? ట్రాఫిక్కూ ఉంటుంది, పొడవాటి ఎత్తులూ ఉంటాయి.

గాలిపంపు:
ఆ రెండు వేళ్లే అంటే అల్నార్ నరం నలుగుతోందన్నమాట. అది అరచేతి మొదట్లో చిటికెన వేలి వైపు నుంచి వెళ్తుంది. సన్నటి గుండ్రటి గ్రిప్ పట్టుకుంటే ఒంటి బరువు సరిగ్గా అక్కడే పడుతుంది. మెత్తటి ఫోమ్ గ్రిప్ వేస్తే ఇది తగ్గదు. బరువు ఎక్కువ చోటు మీద పరుచుకోవాలి. అందుకే మీకు వెనక వెడల్పాటి రెక్క ఉండి, చివర పొట్టి కొమ్ము కలిసి వచ్చే గ్రిప్ నయం. ఎర్గాన్ కంపెనీ గ్రిప్పుల జీపీ వరసలో జీపీ1కి కొమ్ము ఉండదు. జీపీ2 నుంచి జీపీ5 దాకా అంకె పెరిగేకొద్దీ కొమ్ము పెద్దదవుతుంది. మీ వాడకానికి మధ్య సైజు చాలు. లేచి నిలబడి తొక్కే అలవాటు బాగా ఉంటేనే పొడుగువి.

రెక్క కోణం సీటు మీద కూర్చునే సరిచూసుకోండి. అది మరీ కిందికి దిగితే మణికట్టు వెనక్కి విరిగి, తిమ్మిరి బొటనవేలి వైపుకి మారుతుంది. ఇవన్నీ కొనేముందు సీటు ముక్కు కిందికి వాలి ఉందేమో చూడండి. వాలితే ఒళ్లు ముందుకి జారి బరువంతా చేతుల మీదికొస్తుంది, అప్పుడు ఏ గ్రిప్ వేసినా అంతే.

అలెన్‌కీ:
విడివి తీసుకుంటే గుండ్రటి సన్న గొట్టాల్లాంటివి వద్దు. పైభాగం చదునుగా, రబ్బరు తొడుగుతో ఉన్నవి చూడండి. క్లాంప్‌కి (బార్‌ని చుట్టి పట్టే బిగింపు భాగం) బార్ మీద ఒక్కో వైపు 20–25 మి.మీ. చోటు కావాలి. ఫ్లాట్ బార్ చివర 22.2 మి.మీ. లావుంటుంది, క్లాంప్ కూడా ఆ కొలతదే అయ్యుండాలి.

ముందు బ్రేక్ లివర్, షిఫ్టర్ (గేర్లు మార్చే మీట) బోల్టులు వదులు చేసి లోపలికి జరపండి. హ్యాండిల్‌ని రెండు వైపులా పూర్తిగా తిప్పి, కేబుళ్లు లాగకుండా ఉన్నాయో లేదో చూడండి. గ్రిప్ కిందికి సన్నటి పుల్ల దూర్చి కాస్త స్పిరిట్ పోసి మెలితిప్పితే గ్రిప్ జారుతుంది. తిరిగి ఎక్కించేటప్పుడూ స్పిరిట్టే. నూనె, సబ్బు వాడితే తర్వాత గ్రిప్ చేతిలోనే తిరుగుతుంది, అది ప్రమాదం. స్పిరిట్ పూర్తిగా ఆరాకే బండి తీయండి.

క్లాంప్ కూర్చునే లోహం పొడిగా, శుభ్రంగా ఉండాలి. క్లాంప్ మీద రాసి ఉన్న టార్క్ (బోల్టు తిప్పి బిగించే బలం) దాటొద్దు. చాలా వాటికి 5–8 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. బిగించాక కొమ్ము మీద గట్టిగా బరువు వేసి నొక్కండి. తిరిగితే వెంటనే ఇంకా బిగించకుండా, విప్పి తుడిచి మళ్లీ పెట్టండి. బార్ చివర్లు పల్చన, అతిగా బిగిస్తే నొక్కుకుపోతాయి. కార్బన్ బార్ అయితే తయారీదారు ఒప్పుకుంటేనే వేయాలి. చివర ప్లగ్గులు మాత్రం మరిచిపోవద్దు. కింద పడినప్పుడు తెరిచి ఉన్న గొట్టం ఒంట్లో దిగుతుంది.

ఎత్తుదారి:
కోణం గురించి ఒక మాట. నిటారుగా పైకి పెట్టకండి. నేలకి సమాంతరంగా మొదలుపెట్టి 15–20 డిగ్రీలు పైకి లేపండి. పిడికిలి పట్టినప్పుడు మణికట్టు ఎటూ వంగకుండా ముంజేతికి తిన్నగా ఉంటే అదే మీ కోణం. రెండు కొమ్ముల మీదా ఒక తిన్నటి కర్ర అడ్డంగా ఆనిస్తే ఎక్కువ తక్కువలు ఇట్టే తెలుస్తాయి.

చివరన ఉండే కొమ్ములు పట్టుకుంటే బ్రేక్ అందదు. ట్రాఫిక్‌లోనూ, దిగుడులోనూ చేతులు గ్రిప్ మీదే ఉండాలి. గ్రిప్‌కీ లివర్‌కీ మధ్య బిగించే లోపలి రకం కూడా ఉంది, వేళ్లు లివర్‌కి దగ్గరగా ఉంటాయి. 700 మి.మీ. దాటిన వెడల్పు బార్లకి అది బాగా నప్పుతుంది. 620కి చోటు చాలకపోవచ్చు, కొలిచి చూడండి.

పక్కచక్రం:
కొలిచాను. షిఫ్టర్ 12 మి.మీ. జరిగాక బార్ లావెక్కే చోట ఆగిపోతోంది. లోపలి రకానికి చోటు లేదు. గ్రిప్ పొడవు 130 మి.మీ.

అలెన్‌కీ:
విడివే వేయాలంటే 12 జరిపి, గ్రిప్ బయటి చివర 10 కోయండి. 22 మి.మీ. వస్తుంది, 20 మి.మీ. క్లాంప్ ఉన్నది ఎంచుకోండి. మిగిలిన 120 మి.మీ. గ్రిప్ అరచేతికి సరిపోతుంది. అయితే మీ తిమ్మిరికి గాలిపంపు గారు చెప్పిన రెక్క గ్రిప్పే సరైనదని నా అభిప్రాయం కూడా. వాటి మొత్తం పొడవు 140 లోపు ఉంటే లివర్లు కొంచెం జరిపితే చాలు, కోతే అక్కర్లేదు.