పాత విద్యార్థుల లిస్టులో డూప్లికేట్లు, దొరకని మనుషులు: ఎక్కడ మొదలుపెట్టాలి?

గండికోట దారి:
జమ్మలమడుగు వైపు ఒక జెడ్పీ హైస్కూలు. 1975 నుంచి 2005 దాకా టెన్త్ బ్యాచ్‌ల లిస్టు తయారవుతోంది. ఎక్సెల్లో 2,100 వరుసలున్నాయి. గూగుల్ ఫారం నుంచి వచ్చినవి కొన్ని, వాట్సాప్ గ్రూపుల నుంచి ఎత్తినవి కొన్ని, పాత సావనీరులోని అడ్రసులు కొన్ని. షేక్ మహబూబ్ బాషా అనే పేరే పదకొండు చోట్ల ఉంది. అందులో మనుషులెందరో, డూప్లికేట్లెన్నో తేలట్లేదు. మూడో వంతు నంబర్లు పనిచేయవు, లేదా ఎవరో ఎత్తి రాంగ్ నంబర్ అంటున్నారు. ఆడపిల్లల్లో సగం మంది జాడ లేదు. కొండాపురం వైపు ఊళ్లకు వేసిన కవర్లు తిరిగొచ్చాయి. ఏ వరసలో పోవాలి?

కందనవోలు:
ఎక్సెల్ కాసేపు పక్కన పెట్టండి. ముందు హెడ్మాస్టర్ గారికి లెటర్ ఇచ్చి, స్కూల్లోనే కూర్చుని అడ్మిషన్ రిజిస్టరు చూడండి. మీ దగ్గరున్న మూడు లిస్టులూ ఎవరికి గుర్తున్నవాళ్లను వాళ్లు రాసినవి. ఆ బడిలో ఎవరు చదివారో చెప్పేది రిజిస్టరు ఒక్కటే.

రాసుకోవాల్సినవి: అడ్మిషన్ నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు, చేరిన తేదీ, వదిలిన తేదీ, వదిలిన తరగతి. కులం, పుట్టుమచ్చల కాలమ్స్ జోలికి పోవద్దు, మీకు వాటితో పనిలేదు. కొత్త పుస్తకం మొదలైనప్పుడు కొన్ని బళ్లలో నంబరు మళ్లీ ఒకటి నుంచి వేస్తారు. అందుకే చేరిన సంవత్సరాన్ని కలిపి 1987-412 లాగా రాస్తే ప్రతి మనిషికీ మారని గుర్తు ఒకటి ఉంటుంది. ఫోను మారినా, ఇంటిపేరు మారినా అది మారదు.

పుట్టిన తేదీ కలిసింది కదా అని ఇద్దర్ని ఒకరిగా కలిపేయకండి. పాత రిజిస్టర్లలో సగం ఊరు జూన్ 1నో జూలై 1నో పుట్టినట్టుంటుంది. బడిలో వేసేటప్పుడు అయ్యవారు అంచనాగా వేసిన తేదీలవి. మీ మహబూబ్ బాషాలను విడదీసేది తండ్రి పేరు, ఊరు, బ్యాచ్. ఈ మూడూ కలిస్తేనే ఒకే మనిషి. రెండే కలిస్తే ‘చూడాలి’ అని గుర్తు పెట్టి వదిలేయండి, ఆ బ్యాచ్ వాళ్లెవరో తేలుస్తారు.

బ్యాచ్ అంటే ఏమిటో కూడా ముందే తేల్చుకోండి. మార్చిలో తప్పి సప్లిమెంటరీలో గట్టెక్కినవాళ్లు మార్చి బ్యాచ్‌లోనే ఉండాలి. ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో టీసీ తీసుకున్నవాళ్లను వాళ్ల తరగతి టెన్త్ రాసిన సంవత్సరంలో వేయండి. టెన్త్ నామినల్ రోల్ (పరీక్షకు కట్టినవాళ్ల పట్టిక) ఒక్కటే చూసి లిస్టు రాస్తే ఇలా మధ్యలో వెళ్లినవాళ్లు మాయమవుతారు.

చిత్రావతి:
రిజిస్టరు సంగతి పైన చెప్పారు కాబట్టి ఫోన్ల గురించి. అందరూ చేసేది ఎక్సెల్లో RIGHT అనే ఫార్ములాతో చివరి పది అంకెలు తీసుకోవడం. +91, ముందు సున్నా పోతాయి, బాగుంటుంది. గల్ఫ్ నంబర్లుండే కడప జిల్లా లిస్టుకు మాత్రం అది ప్రమాదం. కువైట్ నంబరు 965 తర్వాత ఎనిమిది అంకెలు. చివరి పది తీసుకుంటే 65తో మొదలయ్యే పది అంకెలు మిగులుతాయి, చూడ్డానికి అచ్చం మన సెల్ నంబరే. సౌదీ 966 కూడా అంతే, దాని మొబైల్ నంబర్లు 5తో మొదలవుతాయి కాబట్టి అక్కడా 65 వస్తుంది. ఖతార్ 974 అయితే 74. అందుకే ముందు +, 00 తీసేశాక పది అంకెలకన్నా ఎక్కువుండి 965, 966, 974, 971 (యూఏఈ)తో మొదలయ్యేవన్నీ వేరే షీట్లోకి తీసి (పది అంకెలే ఉంటే అవి మన నంబర్లే కావచ్చు), ఆ తర్వాతే ఫార్ములా వేయండి. ఫోన్ కాలమ్‌ను టెక్స్ట్ ఫార్మాట్లో పెట్టండి.

కౌంట్‌ఇఫ్‌తో ఒకే నంబరు రెండుసార్లు దొరికినా తొందరపడి కలపొద్దు. అన్నదమ్ములిద్దరికీ ఇంట్లో ఒకే ఫోనుండేది, ఫారంలో తమ్ముడి నంబరు రాసిన అక్కలూ ఉంటారు.

సార్ట్ చేసేటప్పుడు ఒక్క కాలమ్ సెలెక్ట్ చేసి కొడితే పేర్లు ఒకచోట, నంబర్లు ఒకచోట అయిపోతాయి. సేవ్ చేశాక తెలిస్తే బ్యాకప్పే దిక్కు. మొత్తం టేబుల్‌గా మార్చుకోండి.

పనిచేయని నంబరును తుడిపేయకండి, ‘పాత నంబర్’ కాలమ్‌లోకి జరిపి తేదీ వేయండి. లేకపోతే ఆర్నెల్లకు ఇంకొకరు అదే నంబరు మళ్లీ తెచ్చిస్తారు. ఆపేసిన నంబరును 90 రోజులు దాటాక కంపెనీలు వేరేవాళ్లకు ఇస్తాయి. అందుకే వాట్సాప్‌లో ఫొటో కనిపించినంత మాత్రాన మీవాడే అనుకోవద్దు. ‘మీరు ఫలానా కదా’ అని మీరే అందివ్వకుండా, టెన్త్‌లో సెక్షన్ ఏది, లెక్కల సారు ఎవరు అని అడగండి.

దేవుని గడప:
దొరకనివాళ్లకు మంచి దారి మళ్లీ ఆ రిజిస్టరే. దాన్ని తండ్రి పేరు, ఊరు వారీగా సార్ట్ చేయండి, అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములు ఒకేచోటికొస్తారు. 1986 బ్యాచ్ అక్క దొరక్కపోయినా 1991లో తమ్ముడు మీ లిస్టులో ఉంటాడు. ఆడవాళ్లు ఎక్కువగా ఈ దారినే దొరుకుతారు, పెళ్లయ్యాక మారిన ఇంటిపేరుతో ఫేస్‌బుక్‌లో ఎంత వెతికినా వృథా. చదువుకున్నప్పటి పేరు, ఇప్పటి పేరు రెండు కాలమ్స్ పెట్టండి. తమ్ముడి దగ్గర నంబరు తీసుకున్నా, మొదటి ఫోను ఆమె బ్యాచ్ ఆడవాళ్లలో ఒకరు చేయాలి. నంబరు గ్రూపులో వద్దంటే వద్దనే రాయాలి.

వాట్సాప్‌లో వెతికేటప్పుడు రెండొందల పేర్ల పీడీఎఫ్ పెడితే ఎవరూ తెరవరు. పది, పన్నెండు పేర్లు, తండ్రి పేరు, ఊరుతో మెసేజ్‌గా వేయండి. ఒకే ఊరి పేర్లు ఒక మెసేజ్‌లో పెడితే ఇంకా మేలు, ఆ ఊరివాళ్లు వేరే బ్యాచ్ అయినా చెబుతారు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు శుక్రవారం చేయండి, కువైట్‌లో ఆ రోజు సెలవు, టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఊళ్లో మనుషులు ఒకచోట దొరికేది సంక్రాంతికి, ఉగాదికి, తిరునాళ్లకు. మన వైపు పీర్ల పండక్కి కూడా బెంగళూరు నుంచి దిగుతారు.

తిరిగొచ్చిన కవర్లు పారేయకండి. పోస్ట్‌మ్యాన్ వాటిమీద రాసిన ముక్క చూడండి. ఇల్లు వదిలిపోయారన్నది వేరు, అలాంటి మనిషే లేడన్నది వేరు. కొండాపురం వైపువి గండికోట రిజర్వాయరు ముంపు ఊళ్లయితే అడ్రసు తప్పు కాదు, ఊరే కదిలింది. పునరావాస కాలనీల్లో పాత ఊరి పేరు చెప్పి అడగండి. శ్రీశైలం ముంపు ఊళ్ల విషయంలో కర్నూలు జిల్లా బళ్లకూ ఇదే తిప్పలు.

గండికోట దారి:
అందరికీ థ్యాంక్స్. రెండు సందేహాలు. హిందూపురం, నంద్యాలలో ఉన్నవాళ్లకు జిల్లా పేరు మార్చాలా? చనిపోయారని ఎవరైనా చెబితే తీసేయాలా?

కందనవోలు:
పాత అడ్రసు ఉన్నదున్నట్టు ఉంచి, ఇప్పటి జిల్లాకు వేరే కాలమ్ పెట్టండి. 2022 ఏప్రిల్ 4 నుంచి హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లా, నంద్యాల సొంతంగా జిల్లా. పిన్ కోడ్ అదే కాబట్టి వెతుక్కోవడానికి పిన్ పట్టుకోండి.

చనిపోయినవాళ్లను తీసేయొద్దు, స్టేటస్ మార్చండి. ఒక్కరి మాట మీద కాదు, ఇంటివాళ్లో, ఇద్దరు వేర్వేరు మనుషులో చెప్పాలి. ఒకే పేరున్నవాళ్లు ఇంతమంది ఉన్న లిస్టులో బతికున్నవాడి పేరు శ్రద్ధాంజలి పోస్టర్ ఎక్కడం పెద్ద వింతేం కాదు.

చిత్రావతి:
ఇంకొకటి. పూర్తి షీట్ గ్రూపుల్లో వేయొద్దు, రెండో రోజుకే ప్లాట్ల వెంచర్లవాళ్ల చేతిలో ఉంటుంది. ఎడిట్ హక్కు ఇద్దరికే ఇవ్వండి. ఒక్కో బ్యాచ్ బాధ్యుడికి ఆయన బ్యాచ్ వరుసలు మాత్రమే పంపి, మార్పులు ఫారంలో తీసుకోండి. ఏ నంబరు ఎవరిచ్చారు, ఏ తేదీన అనే రెండు కాలమ్స్ ఇప్పుడే పెట్టండి. రెండు నంబర్లు కొట్టుకున్నప్పుడు ఏది కొత్తదో అవే చెబుతాయి.