ముసుగు, డ్రమ్స్, ఆదివారపు ఆరాధన

గోదావరి విశ్వాసి:
అందరికీ వందనములు. మా సంఘంలో పాటల బృందానికి పెద్దలు రెండు నియమాలు పెట్టారు: జీన్స్ వేసుకున్న అబ్బాయిలు, తల మీద ముసుగు లేని అమ్మాయిలు ముందు నిలబడి పాడకూడదు, రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభురాత్రి భోజనపు ఆదివారం నాడు డ్రమ్స్ వాయించకూడదు. యవ్వనస్థులు నొచ్చుకున్నారు గాని నేను పెద్దల పక్షమే. ముసుగు మాట మొదటి కొరింథీయులకు పత్రిక 11వ అధ్యాయంలోనే ఉన్నది. ఇక డ్రమ్స్ మోత మొదలైతే, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం పట్టుకుని పాడే మా అమ్మ వంటివారికి తమ గొంతు తమకే వినబడదు.

కీబోర్డు తమ్ముడు:
అన్నగారూ, మోత ఎక్కువైందన్న మాట ఒప్పుకుంటాను. అది సౌండ్ మిక్సర్ దగ్గర కూర్చున్నవారు సరిదిద్దవలసిన లోపమే గాని వాద్యంలోని దోషం కాదు. మనం పాతవనుకునే కీర్తనలు కూడా ఒకనాడు కొత్తవే. తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు పాశ్చాత్య బాణీలకు తెలుగు మాటలు అతికించడంతో సరిపెట్టుకోక, ఈ నేల మీది రాగతాళాలలోనే పాటలు కట్టారు. అందుకే ఆ పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లు అచ్చై ఉంటాయి. వాటికి తోడుగా మనం పవిత్రమనుకునే హార్మోనియమైతే 19వ శతాబ్దిలో ఫ్రాన్సులో రూపుదిద్దుకున్నది. బైబిలులోని 150వ కీర్తనలో బూర, సితారా, తంబుర, పిల్లనగ్రోవితో పాటు ‘గంభీరధ్వనిగల తాళములు’ కూడా ఉన్నాయి. ప్రభురాత్రి భోజనం రోజున వాటిని పక్కన పెట్టమని అందులో ఎక్కడా లేదు.

గుంటూరు అక్క:
వాద్యాల సంగతి మీరు తేల్చుకోండి, నేను దుస్తుల గురించి చెబుతాను. నేను ముసుగు వేసుకునే ప్రార్థిస్తాను, అది నాకు ఇష్టం. అయితే మొదటి తిమోతి 2:9 బంగారమును, ముత్యములను, మిగుల వెలగల వస్త్రములను వద్దంటుంది. క్రిస్మస్ నాడు పట్టుచీరతో, నాలుగు పేటల గొలుసుతో ముందు వరుసలో కూర్చున్నవారిని ఏ పెద్దా లేపరు. చున్నీ జారిన డిగ్రీ అమ్మాయిని మాత్రం పాట మధ్యలో కళ్ళతోనే గదమాయిస్తారు. ప్రశస్త వస్త్రములు ధరించినవానికి మంచి స్థలమిచ్చి, దరిద్రుని అక్కడ నిలువుమనడాన్ని యాకోబు పత్రిక 2వ అధ్యాయం తప్పు పట్టింది కదా. హైదరాబాదులో సువార్తికుడు భక్తసింగ్ గారు స్థాపించిన హెబ్రోను సంఘపు సంప్రదాయంలో స్త్రీ పురుషులు విడివిడిగానే అయినా అందరూ నేల మీదే కూర్చుంటారు. వస్త్రాలతో వచ్చే హెచ్చుతగ్గులకు అదొక చక్కని విరుగుడని నాకు తోస్తుంది.

గోదావరి విశ్వాసి:
అక్కగారూ, ఆ బంగారపు వచనాన్ని పెద్దల ముందు చదవడం అటుంచి, మా ఇంట్లో చదవడానికే నాకు ధైర్యం చాలదు. తమ్ముడు చెప్పినట్టు వచ్చే ఆదివారం మోత తగ్గించి వాయించమని, అప్పుడు మా అమ్మకు తన గొంతు వినబడిందో లేదో అడిగి చెప్పగలనని పెద్దలతో అంటాను. ముసుగు విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు; అయితే జీన్స్‌కు నా దగ్గర వచనమేదీ లేదని ఒప్పుకోవాలి.