లీగల్ ఎయిడ్ డిఫెన్స్ లాయర్ల పనిని ఎవరు తూచాలి: జడ్జిగారా, బయటివాళ్లా?

వాయిదాల చిట్టా:
నల్సా (జాతీయ న్యాయసేవాధికార సంస్థ) 2022 పథకం వచ్చాక, క్రిమినల్ కేసుల్లో ముద్దాయిల తరఫు ఉచిత వాదన చాలావరకు ప్యానెల్ లాయర్ల (ఫీజు మీద కేసులు చూసే జాబితా లాయర్లు) చేతుల్లోంచి డిఫెన్స్ కౌన్సిల్ ఆఫీసులకు మారింది. చీఫ్‌కి కనీసం 10 ఏళ్ల క్రిమినల్ ప్రాక్టీసు ఉండాలి, డిప్యూటీకి 7. అసిస్టెంట్లు 3 ఏళ్ల లోపు వాళ్లు. మొదట 2 ఏళ్ల కాంట్రాక్టు, నెల జీతం, ప్రైవేటు కేసులు పట్టకూడదు. 6 నెలలకోసారి పనితీరు మదింపు. అందులో జిల్లా జడ్జిగారి మాటకే బరువు, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఛైర్మన్ ఆయనే కాబట్టి.

మదింపు అవసరమే. కానీ ఎన్ని కేసులు అప్పగించారు, ఎన్ని ముగిశాయి అన్న రెండు గళ్లు చూసి బాగుందనేస్తే ఎలా? ముద్దాయి చేత నేరం ఒప్పించినా కేసు ముగిసినట్టే లెక్క. నన్నడిగితే చూడాల్సినవి వేరు. మొదటి రిమాండ్ నాడు లాయరు పక్కన ఉన్నాడా? ఛార్జి ఫ్రేమ్ (అభియోగాల నమోదు) అయ్యేలోపు జైల్లో ఎన్నిసార్లు కలిశాడు, ఏ తేదీల్లో? చార్జిషీటు పడకుండా 60 లేదా 90 రోజులు నిండితే, మర్నాడు పొద్దున్నే డిఫాల్ట్ బెయిల్ (గడువులో చార్జిషీటు పడకపోతే హక్కుగా వచ్చే బెయిల్) పిటిషన్ వేశాడా? బెయిల్ వచ్చినా జామీను దొరక్క లోపలే ఉండిపోయిన వాళ్లెందరు? ఇవన్నీ రికార్డులోనే దొరుకుతాయి.

సెక్షన్ శాస్త్రి:
ఆ 60, 90 రోజుల్ని రిమాండ్ రోజు వదిలేసి లెక్కపెట్టాలి. జనరల్ క్లాజెస్ చట్టం 9వ సెక్షన్. మీ మర్నాడు లెక్క ఒకరోజు ముందుకొచ్చింది.

ప్యానెల్ పక్షం:
చిట్టా గారూ, గళ్ల సంగతి తర్వాత. ఏ-1, ఏ-2 నేరాన్ని ఒకరి మీదికొకరు నెట్టుకునే కేసులో ఇద్దరూ ఒకే డిఫెన్స్ ఆఫీసుకి వెళ్తే ఏం జరుగుతుంది? ఒకడిని చీఫ్ చూస్తాడు, ఇంకొకడిని డిప్యూటీ. ఫైళ్లు ఒకే బీరువాలో. ఏ-1 లాయరుకి చెప్పుకున్నది ఏ-2 లాయరు చెవిన పడకుండా ఆ గదిలో ఏ గోడ ఉంది? రెండో మనిషిని మొదటి రోజే ప్యానెల్ లాయరుకి పంపాలి. ఛార్జి దశలో గొడవ బయటపడ్డాక మారిస్తే అప్పటికే విన్నది విన్నట్టే. మీరు చెప్పిన మదింపులో దీనికి గడి ఉందా?

గోడమీది పిల్లి:
ప్యానెల్ రోజుల్లో మాత్రం జైలుకెళ్లినా వెళ్లకపోయినా అదే ఫీజు. అదేమన్నా స్వర్ణయుగమా?

ప్యానెల్ పక్షం:
స్వర్ణయుగమని నేనెక్కడన్నాను? కాన్‌ఫ్లిక్ట్ రిజిస్టరు (ఒకరికొకరు అడ్డుపడే ముద్దాయిల పట్టిక) అడిగాను. ప్యానెల్ పేరెత్తగానే కేసులు పోయాయన్న ఏడుపు అనుకుంటే ఎలా సార్?

వాయిదాల చిట్టా:
మీ గడి కలుపుతాను, న్యాయమైనదే.

శాస్త్రి గారూ, ఆ లెక్క మారిపోయింది. రిమాండ్ రోజును కలిపే లెక్కపెట్టాలని 2023 మార్చిలో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి తేల్చింది. లీపు కాని ఏడాదిలో జనవరి 1న రిమాండ్ అయితే 60వ రోజు మార్చి 1. హక్కు మార్చి 2న పుడుతుంది. మీ లెక్క ప్రకారం 3న వెళ్లేసరికి ముందురోజు చార్జిషీటు పడిందనుకోండి, మనిషి లోపలే. చార్జిషీటు కంటే ముందే పిటిషన్ పడి ఉంటే ఆ తర్వాత చార్జిషీటు వేసినా హక్కు పోదు. అందుకే ఆ ఒక్కరోజు కోసం ఇంత పట్టుదల.

జామీనుకీ గడువులున్నాయి. 2023 జనవరి 31 ఆదేశాల ప్రకారం బెయిల్ వచ్చిన 7 రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. నెలలోపు పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టే తనంతట తాను పరిశీలించవచ్చు. ఆ కబురు అందాక డిఫెన్స్ ఆఫీసు ఎన్నో రోజున కోర్టులో సడలింపు మెమో వేసింది? ఈ ఒక్క అంకె చాలు పని తెలియడానికి.

సెక్షన్ శాస్త్రి:
10 ఏళ్ల వరకు శిక్ష ఉన్న నేరానికి 90 రోజులు కదా, 60 అని ఎలా అంటారు?

వాయిదాల చిట్టా:
"10 ఏళ్ల వరకు" వేరు, "10 ఏళ్లకు తగ్గకుండా" వేరు. మొదటిదానికి 60. అది 2017లోనే తేలింది. ఇక వదిలేయండి మహానుభావా.

కోర్టు హాలు:
ఇంతసేపూ ఏం చూడాలన్నదే మాట్లాడారు. అడిగింది ఎవరు చూడాలని. ఆ డిఫాల్ట్ బెయిల్ పిటిషన్ ఎవరి ముందు పడుతుంది? మేజిస్ట్రేటు ముందు. సెషన్స్ కేసులో సాక్షిని రెండు గంటలు క్రాస్ (ఎదురు ప్రశ్నలు) చేసేది ఎవరి ముందు? అదే జిల్లా జడ్జిగారి ముందు. వాయిదా అడిగితే విసుక్కునేదీ ఆయనే, 6 నెలలకు పని బాగుందో లేదో చెప్పేదీ ఆయనే. 2019 డిసెంబరులో అనోఖీలాల్ తీర్పు ఏం చెప్పింది? యావజ్జీవం, ఉరి పడే కేసుల్లో అమికస్‌గా (కోర్టు సాయానికి) పెట్టే లాయరుకు కనీసం 10 ఏళ్ల అనుభవం ఉండాలని, సిద్ధపడడానికి మామూలుగా 7 రోజులైనా ఇవ్వాలని. ఆ 7 రోజులు గట్టిగా అడిగే లాయరు కాంట్రాక్టు, ఆ 7 రోజులు ఇవ్వాల్సిన జడ్జి అభిప్రాయం మీద ఆధారపడి ఉంది.

ప్యానెల్ పక్షం:
ఇదే! నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నది ఇదే.

గోడమీది పిల్లి:
మీరు మొత్తుకున్నది బీరువా గురించండీ.

వాయిదాల చిట్టా:
జడ్జిగారు వద్దంటే ఇంకెవరు? కలెక్టరా? పోలీసూ, ప్రాసిక్యూషనూ రాష్ట్ర ప్రభుత్వానివే. డిఫెన్స్ లాయరు జుట్టు కూడా అక్కడే చిక్కాలా? స్థానిక ప్రభుత్వాల చేతిలో పెడితే ఏమవుతుందో వాషింగ్టన్ రాష్ట్రంలో చూశాం. మౌంట్ వెర్నన్, బర్లింగ్టన్ అనే రెండు పట్టణాలు డిఫెన్స్ పని మొత్తం ఇద్దరు కాంట్రాక్టు లాయర్లకు అప్పగించాయి. ఒక్కొక్కరి నెత్తిన ఏడాదికి దాదాపు 1000 చిన్నకేసులు. క్లయింట్లను కలవడమే గగనం. పట్టణాలకు బడ్జెట్ మిగిలితే చాలన్నట్టుంది. చివరికి 2013 డిసెంబరులో ఫెడరల్ జడ్జి కలగజేసుకుని, పర్యవేక్షకుణ్ణి పెట్టుకోండని ఆదేశించాల్సి వచ్చింది.

కోర్టు హాలు:
ఆ కేసు నా వైపే ఉంది, చూసుకోండి. అక్కడ తప్పు పట్టింది ఆ కేసులు విచారించే జడ్జి కాదు, బయటి జడ్జి. పెట్టమన్నదీ పర్యవేక్షకుణ్ణే: ఫైళ్లు తీసి చూసేవాణ్ణి, కోర్టులో కూర్చుని గమనించేవాణ్ణి. ఒక్కో లాయరుకి ఎన్ని కేసులన్న పరిమితి లేకుండా మీ గళ్లన్నీ పెట్టినా, అసిస్టెంటు రోజుకి మూడు కోర్టులు పరిగెత్తి మూడింట్లోనూ "క్రాస్ నిల్" (అడిగేదేం లేదు) అనేసి వస్తాడు. అప్పుడు తప్పు అతనిదా, కేసులు పంచినవాడిదా?

ప్యానెల్ పక్షం:
ఫైళ్లు తీసి చూడ్డానికి నేనొప్పుకోను. ముద్దాయి లాయరుకి చెప్పుకున్న మాట గోప్యం. మదింపు చేసేవాళ్లకి తేదీలు ఇవ్వండి, పిటిషన్ నంబర్లు ఇవ్వండి. ములాఖత్‌లో ఏం మాట్లాడారన్న కాగితం మాత్రం గడప దాటకూడదు. జిల్లా జడ్జికి అస్సలు కాదు, రేపు తీర్పు రాసేది ఆయనే.

వాయిదాల చిట్టా:
సరే, ఇక్కడ నేను కాస్త తగ్గుతాను. తేదీలు, కోర్టు రికార్డు సంస్థ కార్యదర్శి చూడొచ్చు. క్రాస్ నాణ్యత మాత్రం పక్క జిల్లా సీనియర్ క్రిమినల్ లాయర్లిద్దరు చూడాలి. లాయరుకి పది చొప్పున ముగిసిన కేసులు చీటీ తీసి, డిపాజిషన్లు (కోర్టులో సాక్షులు చెప్పిన వాంగ్మూలాలు) చదివి రాష్ట్ర సంస్థకే నేరుగా రాయాలి. కాంట్రాక్టు పొడిగింపులో జిల్లా జడ్జి అభిప్రాయం ఒక కాగితం మాత్రమే. ముగిసిన కేసులే అన్నాను కాబట్టి నడుస్తున్న ట్రయల్‌కి ఇబ్బంది లేదు.

కోర్టు హాలు:
శిక్ష పడ్డ కేసుల్ని చీటీలో విడిగా తీయండి. తీర్పు నకలు ఇప్పించారా, అప్పీలు గడువులో పడిందా అన్నది అక్కడే బయటపడుతుంది. ఉరి కాని సెషన్స్ శిక్ష మీద హైకోర్టుకి 60 రోజులు, మేజిస్ట్రేటు శిక్ష మీద సెషన్స్‌కి 30. ఇంకొకటి, ఆ సీనియర్లకి ఫీజు ఎవరిస్తారు? ఊరికే చదవమంటే వాళ్లూ రెండు గళ్లు నింపి పంపేస్తారు.

సెక్షన్ శాస్త్రి:
ఆ 30 రోజుల్లో తీర్పు రోజు కలుస్తుందా, కలవదా?