లాన్‌లో ఆర్కిడ్ పూసిందంటున్నారు, నిజమేనా? చలికాలంలో నేల మీద పూసేవి మన వైజాగ్‌లో ఇంకేమున్నాయి?

ఎంవీపీ_బాల్కనీ:
మా అపార్ట్‌మెంట్ కింద చిన్న లాన్ ఉంది. బోరు పైపు కారి ఎప్పుడూ తడిగా ఉండే మూల, గడ్డిలో కలిసిపోయి, జానెడు కూడా లేని మొక్కలు కొన్ని లేచాయి. ఆకులు సన్నగా గడ్డిలాగే ఉన్నాయి కానీ పచ్చగా లేవు, ఎండ పడే వైపు ఇటుక రంగు తిరిగాయి. పైన చిన్న కంకి, దాన్నిండా బియ్యపు గింజంత తెల్ల పూలు, ఒక్కోదాని మధ్యలో పసుపు చుక్క. పైఫ్లోర్‌లో బోటనీ చదివిన మేస్టారు ఒకరున్నారు, ఆయన వంగి చూసి “ఇది ఆర్కిడ్ అమ్మా” అన్నారు. నాకు తెలిసిన ఆర్కిడ్ అంటే పెళ్లి స్టేజీకి కట్టే ఊదా పూలు, లేదంటే అరకు దారిలో చెట్టు కొమ్మల మీద కనిపించేవి. ఇది నిజంగా ఆర్కిడ్డే అయితే కుండీలోకి మార్చుకోవచ్చా? ఆదివారం తోటమాలి మెషిన్ పెడతాడు, అదే నా టెన్షన్. ఇంకోటి, సంక్రాంతి సెలవులకి పిల్లల్ని ఎటైనా తిప్పాలి, నేల మీద పూసే ఆర్కిడ్లు చూడాలంటే అరకే వెళ్లాలా?

తడిమట్టి:
మేస్టారు చెప్పింది కరెక్టండీ. మీరు చెప్పిన గుర్తులన్నీ జ్యూక్సిన్ స్ట్రాట్యుమాటికా అనే చిన్న నేల ఆర్కిడ్‌కి సరిపోతున్నాయి. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లోనే సింహళం (శ్రీలంక) నుంచి వచ్చిన మొక్క చూసి పేరు పెట్టాడు, అంటే పాత కాపే. ఆసియా అంతటా వరి గట్ల మీద, తడి గడ్డిలో ఉంటుంది. అమెరికా వెళ్లి ఫ్లోరిడా లాన్‌లలో కూడా స్థిరపడిపోయింది, అక్కడ 1936లో కనిపెట్టారు. మిగతా నేల ఆర్కిడ్లు చాలావరకు వానలకి పూస్తే ఇది మాత్రం చలికాలం చూసుకుని డిసెంబరు నుంచి మార్చి లోపల పని ముగించుకుంటుంది.

కుండీలోకి మాత్రం వద్దు. ఆర్కిడ్ గింజ దుమ్ములా ఉంటుంది, లోపల తిండి నిల్వ ఏమీ ఉండదు, మట్టిలో ఉండే ఒక రకం బూజు వచ్చి తిండి అందిస్తేనే మొలుస్తుంది. పెద్దయ్యాక కూడా ఆ వేరుకీ ఆ బూజుకీ సంబంధం తెగదు. మీరు మొక్కని లాగి కొబ్బరి పొట్టులో పెడితే పూలు వారం నిలబడతాయేమో, తర్వాత నాలాగా ఖాళీ కుండీకి నీళ్లు పోసుకుంటూ కూర్చోవాలి. పైగా ఈ రకం గింజ పట్టాక తల్లి మొక్క ఎలాగూ ఎండిపోతుంది, పక్కన పిలకలుంటే అవే బతుకుతాయి. మీరు కాపాడాల్సింది ఆ మూలనీ అక్కడి తడినీ. తోటమాలికి చెప్పి రెండు ఇటుకలు అడ్డం పెట్టించండి, కాయలు ఎండి పగిలేదాకా అక్కడ కోయొద్దనండి. ఆ తర్వాత ఎంత కోసినా నష్టం లేదు. కలుపు మందు మాత్రం అటువైపు కొట్టనివ్వకండి.

గాజువాక_కుర్రోడు:
ఏటో గానీ, మా కాలనీ పార్కు నిండా తెల్ల తలకాయలతో ఇలాంటివే ఉన్నాయి, అవన్నీ ఆర్కిడ్లంటే పార్కుకి టికెట్ పెట్టేస్తారు. మీరు చూసింది తుంగ కాదు కదా?

తడిమట్టి:
మంచి డౌటే. తుంగలో తెల్ల గుండు తలకాయ ఉండే రకం ఒకటుంది, లాన్‌లలో అదే ఎక్కువ. కాడని వేళ్ల మధ్య తిప్పి చూడండి, తుంగ కాడ మూడు పలకలుగా తగులుతుంది. దాని తలకాయలో పసుపు పెదవి ఉండదు, రేకులనేవే ఉండవు. ఆర్కిడ్‌కి పువ్వు పువ్వునా రేకుల్లో ఒకటి పెదవిలా వేరే ఆకారంలో ఉంటుంది, దీనికైతే అది పసుపు. ఫోన్ కెమెరాకి తగిలించే చిన్న మాక్రో లెన్స్ ఉంటే ఇంకా బాగా తెలుస్తుంది.

కొండదారి:
అరకు గురించి నేను చెప్తాను, ఎందుకంటే ప్రతి సంక్రాంతికీ ఇదే ప్రశ్న. అరకు, అనంతగిరి, లంబసింగి అన్నీ అందమైనవే, కాదనను. కానీ అక్కడి నేల ఆర్కిడ్లలో హేబినేరియాలు, జియోడోరమ్ లాంటివి వానాకాలం మొక్కలు. జనవరికి ఆకులు ఎండిపోయి దుంప నేలలో నిద్రపోతుంటుంది, మీకు దొరికేది మహా అయితే పగిలిన కాయలున్న పుల్ల. వాటి కోసం ఆగస్టు, సెప్టెంబరుల్లో వెళ్లండి, జలగలకి సిద్ధపడి.

చలికాలం నుంచి మార్చి దాకా చూడదగ్గవి యులోఫియాలు అనే నేల ఆర్కిడ్లు. వీటికి ఘాట్ రోడ్డు ఎక్కక్కర్లేదు, తూర్పు కనుమల కింది భాగంలో పొడి పొదలు, రాళ్ల సందులే వీటి చోటు. కంబాలకొండ, సింహాచలం కొండల వాలు అలాంటి నేలే, కాబట్టి వెతకడం అక్కడ మొదలుపెట్టండి. గుర్తు ఏంటంటే, నేల మీదే ఆకుపచ్చగా ఉబ్బిన దుంప కనిపిస్తుంది, చూడగానే ఎవరో ఉల్లిపాయ పారేశారనుకుంటారు. దాని పక్క నుంచి, తరచూ ఒక్క ఆకు కూడా లేకుండా, పొడవాటి కాడ లేస్తుంది. పూలు దూరం దూరంగా, ఆకుపచ్చ రేకుల మీద ఊదా గీతలు, పెదవి తెలుపూ గులాబీ కలిసి. ఎపిడెండ్రియా, గ్రామినియా అని రెండు రకాలకి ఈ వర్ణన దాదాపు సరిపోతుంది, తేడా పెదవిని దగ్గరగా చూస్తేనే. ఎండిన గడ్డి రంగులో కలిసిపోతాయి, నడుస్తూ చూస్తే కనపడవు, ఒకచోట కూర్చుంటే కనపడతాయి. పిల్లలకి ఇది భలే ఆట, ముందు ఎవరికి దొరికితే వాళ్లు గెలిచినట్టు.

కంబాలకొండ అభయారణ్యం అని మర్చిపోకండి. గేటు దగ్గర అటవీ శాఖ వాళ్లని అడిగి, వాళ్లు చెప్పిన దారిలోనే తిరగండి. ఆకు తుంచడం కూడా వద్దు. 1972 వన్యప్రాణి చట్టం జంతువులకే అనుకునేవాళ్లు చాలామంది, అభయారణ్యంలో మొక్క పీకినా కేసే.

ఎంవీపీ_బాల్కనీ:
అందరికీ థాంక్స్. కాడ తిప్పి చూశాను, గుండ్రంగానే ఉంది, పసుపు పెదవి కూడా ఉంది. ఇటుకలు పెట్టించాను. తోటమాలి “గడ్డికి గోడేంటమ్మా” అని నవ్వాడు గానీ ఒప్పుకున్నాడు. కుండీ సరదా మాత్రం పోలేదు. నర్సరీలో గ్రౌండ్ ఆర్కిడ్ అని అమ్ముతున్నారు, అదీ అడవి నుంచి తెచ్చిందేనా?

తడిమట్టి:
వెడల్పాటి మడతల ఆకులు, ఊదా లేదా పసుపు పూలు అయితే అది స్పాథోగ్లోటిస్, నర్సరీల్లో పెంచేదే, నిశ్చింతగా కొనుక్కోండి. మన వేడికి తట్టుకుంటుంది, ఏడాదిలో చాలాకాలం పూస్తూనే ఉంటుంది, నీళ్లు నిలవకుండా చూస్తే చాలు. పేరు చెప్పకుండా వేళ్లకి అడవి మట్టి అంటుకున్న దుంపలు ఎవరైనా అమ్మితే మాత్రం తీసుకోకండి.

కొండదారి:
ఇంకొక్క మాట. ఫోటోలు ఐనేచురలిస్ట్‌లో (మొక్కలు, జంతువులు ఎక్కడ కనిపించాయో అందరూ పంచుకునే యాప్) పెడితే యులోఫియాకి లొకేషన్ మసకగా కనిపించే ఆప్షన్ పెట్టండి, దుంపలు తవ్వుకుపోయేవాళ్లు కూడా అవే యాప్‌లు చూస్తారు. లాన్ మొక్కకి ఆ బాధ లేదు, మీ ఇంటి అడ్రస్ బయటపడకుండా చూసుకోండి చాలు.