అప్‌డేట్: 42 ఏళ్లకు స్కేటింగ్ మొదలుపెట్టాను

షుగర్ బార్డర్‌లో ఉంది, పాపతో పాటు స్కేటింగ్ నేర్చుకోవచ్చా అని రెండు నెలల కింద ఇక్కడ మిమ్మల్ని అడిగాను కదా. మీరన్నట్టే ముందు నడక పట్టుకున్నాను. పొద్దున్నే హన్మకొండ వడ్డేపల్లి చెరువు కట్ట మీద అరగంట. రాత్రి అన్నం బదులు రెండు జొన్నరొట్టెలు.

స్కేటింగ్‌లో మొదటి వారమంతా పడటమే నేర్పారు. మోకాళ్లు వంచి, ముందుకు ఒరిగి, ప్యాడ్ల మీద జారాలి. వెనక్కి పడితే తలకో నడుముకో దెబ్బ. ఒకరోజు అయిదు నిమిషాలకే కదా అని రిస్ట్ గార్డులు (మణికట్టుకు కట్టుకునే రక్షణ పట్టీలు) వేసుకోలేదు. చెయ్యి ఆనించి పడ్డాను. మణికట్టు బెణికి పది రోజులు బైక్ హ్యాండిల్ పట్టలేకపోయాను (మా ఆవిడ తిట్లు అదనం). ఇప్పుడు హెల్మెట్ పెట్టుకున్నాకే స్కేట్లు కడుతున్నాను. మడమ బ్రేకు వెయ్యడం వచ్చింది, మలుపులంటేనే ఇంకా టెన్షన్. పాప మాత్రం వెనక్కి చూసి నవ్వుకుంటూ పోతుంది.