ఇంటెలిజెంట్, ఇంటెలెక్చువల్: ఏది ఎక్కడ రాయాలి?

ప్రశ్న:
నేను డిగ్రీ విద్యార్థులకు ఆంగ్లం బోధిస్తున్నాను. తెలివికి సంబంధించిన మాటలతో వాక్యాలు రాయమంటే చాలామంది ‘మై డాగ్ ఈజ్ వెరీ ఇంటెలెక్చువల్’ అని రాస్తున్నారు. అది తప్పని చెప్పగలుగుతున్నాను గాని, కారణాన్ని వారి మనసుకు పట్టేలా వివరించలేకపోతున్నాను. దయచేసి సాయం చేయండి.

మొదటి జవాబు:
నమస్కారం మాస్టారూ. ఇంటెలిజెంట్ అన్న మాట గ్రహించే, నేర్చుకొనే శక్తిని చెబుతుంది కనుక కుక్కకైనా పసిబిడ్డకైనా చెల్లుతుంది. ఇంటెలెక్చువల్ అన్నది ఆలోచనకు, తర్కానికి, పాండిత్యానికి సంబంధించినది కనుక ‘ఇంటెలెక్చువల్ డిబేట్’, ‘ఇంటెలెక్చువల్ ప్రాపర్టీ’ వంటి చోట్ల ఒదుగుతుంది. తెలుగులో మనం ‘తెలివైన కుక్క’ అంటాం గాని ‘మేధావి కుక్క’ అనం. ముందుగా ఈ తేడా చూపండి, సగం చిక్కు అక్కడే విడిపోతుంది. ఇంటెలెక్చువల్ నామవాచకంగా వస్తే మేధావి అనే అర్థం.

రెండవ జవాబు:
ఇంటెలిజిబుల్‌ను కూడా ఈ పాఠంలోనే చేర్చండి. దాని అర్థం ‘తెలివైన’ కాదు, ‘అర్థమయ్యే’. ‘హిజ్ స్పీచ్ వాజ్ బేర్లీ ఇంటెలిజిబుల్’ అంటే ఆయన మాట్లాడినది అతి కష్టం మీద అర్థమైందని భావం. ఈ మాటలన్నిటికీ మూలమైన లాటిన్ క్రియకు అర్థం చేసుకోవడమనే అర్థం.

మూడవ జవాబు:
ఇంటెలిజెన్స్‌కు రహస్య సమాచారమనే అర్థమూ ఉంది. 1887లో మొదలైన మన ఇంటెలిజెన్స్ బ్యూరో పేరులో ఉన్నది ఆ అర్థమే. ఈ అర్థంలో దానిని బహువచనంలో వాడరు; ‘ద ఆర్మీ రిసీవ్డ్ ఇంటెలిజెన్స్’ అని రాయించండి.