అరటిపండ్లు ఇచ్చి, ప్రార్థన చేసి వచ్చాం. ఇప్పుడేం చేయాలి?

బరంపురం కోడలు:

అందరికీ వందనాలు. పుట్టిల్లు ఇచ్ఛాపురం, పెళ్లయి బరంపురం వచ్చి ఇరవై రెండేళ్లు. ఇక్కడి తెలుగు క్రైస్తవ సంఘంలో స్త్రీల సమాజం లెక్కలు నేనే రాస్తాను. ఒక సంగతి మూడు వారాలుగా గొంతులో ముల్లులా గుచ్చుకుంటోంది.

మా సంఘంలో ఒక పెద్దావిడ ఉన్నారు. పెద్ద బజారు వెనక సందులో అప్పడాలు ఒత్తి ఇద్దరు పిల్లలను పెంచారు. బరంపురం అప్పడాలకు ఎంత పేరో మీకు తెలుసు, ఆ పేరు ఇలాంటి చేతులదే. ఏడాదిగా ఆమె కిడ్నీలు పనిచేయడం లేదు. వారానికి మూడుసార్లు డయాలసిస్. తను ఒత్తిన అప్పడం తను తినకూడదు, అంత ఉప్పు పనికిరాదట. ప్రతి ఆదివారం ప్రార్థన మనవుల్లో ఆమె పేరు చదువుతాం. ఎదురుపడితే "ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుంటున్నాం" అంటాం. నేనూ ఎన్నోసార్లు అన్నాను.

ఎనిమిది మందిమి పరామర్శకు వెళ్లాం. రెండు డజన్ల అరటిపండ్లు, నాలుగు కొబ్బరి బొండాలు పట్టుకెళ్లాం. పాటలు, వాక్యం, ముగ్గురి ప్రార్థన, అన్నీ కలిపి గంటా పావు. అంతసేపూ ఆమె మంచం మీద కూర్చునే ఉన్నారు. పడుకోండి అనడం ఒక్కరికీ తోచలేదు. చివరి ప్రార్థనలో నేను ఆమె ఎడమ చేయి పట్టుకున్నాను. మోచేతి దగ్గర నరం తాడులా ఉబ్బి ఉంది. దాని లోపల తేనెటీగ చిక్కుకున్నట్టు ఒకటే అదురు. ఉలిక్కిపడి చేయి తీసేశాను. "సూది గుచ్చడానికి రెండు నాళాలు కలిపి కుట్టారమ్మా, ఫిస్టులా అంటారు. నొక్కకపోతే చాలు" అని ఆమే నాకు ధైర్యం చెప్పారు.

తిరిగి వస్తుంటే కొడుకు గుమ్మం దాకా వచ్చి పండ్ల సంచి నా చేతిలో పెట్టాడు. "ఏమీ అనుకోకండి పిన్నిగారూ. అరటిపండు, కొబ్బరినీళ్లు అమ్మకు ఇవ్వకూడదు. పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదమట. ఇంట్లో ఉంటే ఆశపడుతుంది." కాస్త ఆగి, "రేపు ఆసుపత్రికి ఎవరైనా తోడు వెళ్తారా? దుకాణంలో ఇక సెలవు ఇచ్చేది లేదన్నారు" అని అడిగాడు.

"ప్రార్థన చేస్తాం నాయనా" అన్నారు మాలో ఒకరు. మిగతా ఏడుగురం తల ఊపాం.

ఆ అరటిపండ్లు ఆటోలో మేమే తిన్నాం.

బైబిల్లో యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో, లేనివాళ్లకు ఏమీ ఇవ్వకుండా "సమాధానముగా వెళ్లుడి, చలికాచుకొనుడి, తృప్తిపొందుడి" అని చెప్పి పంపించేసినవాళ్లం మేమే కదా! సంఘంలో కదిపితే, మన పని ఆత్మలతోనే అన్నారు. వంటకు ముందు ఇంటింటా తీసిపెట్టి సంఘానికి ఇచ్చే పిడికెడు బియ్యం డబ్బు వార్షికోత్సవం షామియానాకు పోతోంది, ఆ లెక్క రాసిందీ నేనే. ముందు సంఘాన్ని ఒప్పించాలా, లేక నేనే వెళ్లి ఆమె పక్కన కూర్చోవాలా?

జయపురం లూథరన్:

అక్కా, మీరు చెప్పిన యాకోబు రెండో అధ్యాయమే క్రియలు లేని విశ్వాసం మృతం అంటుంది. క్రియలు అనే మాట వినగానే మా లూథరన్లు, అంటే మార్టిన్ లూథర్ బోధను అనుసరించేవాళ్లం, కొంచెం జాగ్రత్త పడతాం. 1522లో లూథర్ యాకోబు పత్రికను గడ్డితో పోల్చాడు మరి. ఎఫెసీయులకు రాసిన పత్రిక 2:8, 9 మాకు కంఠస్థం: కృపచేతనే రక్షణ, క్రియలవలన కాదు. చిక్కేమిటంటే చాలామందిమి అక్కడే పుస్తకం మూసేస్తాం. పదో వచనంలో సత్‌క్రియలు చేయడానికే సృష్టింపబడ్డాం అని ఉంది.

జర్మనీలోని బ్రెక్లుం నుంచి 1882లో వచ్చిన మిషనరీలతో మా సంఘ చరిత్ర మొదలవుతుంది. ఆ తర్వాతి తరం దొరల ప్రసంగాలు మా నాయనమ్మ చిన్నప్పుడు చాలానే విన్నది. ఒక్కటీ చెప్పలేకపోయేది. చలిజ్వరానికి వాళ్లిచ్చిన క్వినైన్ చేదు మాత్రం చనిపోయేదాకా ముఖం చిట్లించి చెప్పేది.

సంఘం ఒప్పుకునే దాకా ఆగకండి. కమిటీ తీర్మానం అయ్యేలోపు ఎన్ని డయాలసిస్‌లు అయిపోతాయో లెక్క వేయండి, లెక్కలు మీకు అలవాటే కదా.

రాయగడ నుంచి ఒక కూతురు:

నాన్నను నాలుగేళ్లు డయాలసిస్‌కు తిప్పాను, కాబట్టి వేదాంతం వదిలేసి పని సంగతి చెబుతాను.

ఒక్కోసారికి దాదాపు నాలుగు గంటలు. రానుపోను, వంతు కోసం కూర్చోవడం కలిపితే రోజంతా పోతుంది. ఆ కొడుకు మీ దగ్గర అడిగింది ఆ రోజే. లోపలికి వెళ్లే ముందు, వచ్చాక బరువు చూస్తారు, ఆ రెండు అంకెలూ రాసి పెట్టండి. అయిపోగానే కొందరికి రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఆటో దిగేటప్పుడు పట్టుకోండి, ఫిస్టులా లేని చేయి వైపు నిలబడి. కాళ్లు కొంకర్లు పోతే వెంటనే నర్సును పిలవండి. నీళ్లు రోజుకు ఇన్నే అని కొలత ఉంటుంది, జాలిపడి గ్లాసు అందించకండి. ఏది తీసుకెళ్లాలన్నా ముందు అడగండి. మా నాన్నకు ఎంతమంది కొబ్బరి బొండాలు తెచ్చారో! అందరూ ప్రేమతోనే తెచ్చారు.

ఇంకొక మాట. దీన్ని ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యంగా చెప్పకండి. నాన్న కోసం ఒక్క మధ్యాహ్నం కూర్చున్న ఒకాయన ఆ కథ మూడు కూటాల్లో చెప్పాడు. మూడోసారి నాన్న విన్నారు. మళ్లీ అతన్ని రానివ్వలేదు.

పర్లాకిమిడి మాస్టారు:

అమ్మా, పరామర్శను మరీ తీసిపారేయకు. పాట కోసం ఎదురుచూసే రోగులు ఉంటారు. మీ తప్పు ప్రార్థన చేయడం కాదు, ఏమి కావాలో అడగకపోవడం.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా గజపతి జిల్లాలో ఇదే చూశాను. మా వాళ్లు వ్యాను నిండా పాత బట్టలు మోసుకుని ఒక కొండ ఊరికి వెళ్లారు. వాళ్లకు కావలసినవి టార్పాలిన్లు, దారికి అడ్డంగా పడ్డ చెట్లు కోసేందుకు రంపాలు. పట్టు చీర ఒకటి రెండు నెలల తర్వాత కూడా పాఠశాల వరండాలోనే ఉంది, దాని మీద కుక్క పడుకునేది.

పక్క మంచంలో మన మతం కానివాళ్లు ఉంటారు. వాళ్లకూ టీ తెచ్చిపెట్టు, కరపత్రం మాత్రం పెట్టకు. ఆశ చూపి మతం మార్చకూడదని ఒడిశాలో 1967లోనే చట్టం వచ్చింది. ఆ చట్టం లేకపోయినా పెట్టవద్దనే అంటాను. టీ గ్లాసు వెనక ఇంకో లెక్క ఉందని రోగికి అనుమానం వస్తే ఆ టీ గొంతు దిగదు.

బరంపురం కోడలు:

బుధవారం వెళ్లాను. మొదటి రెండు గంటలు మాకు మాటలు దొరకలేదు. ఆమె యంత్రం వైపు చూస్తూ, నేను ఆమె చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాం. మూడో గంటలో నోరు ఎండిపోతోందన్నారు. నర్సును అడిగితే చిన్న మంచు ముక్క ఇవ్వమంది. చెంచాతో నోట్లో పెట్టాను. అది కరిగేదాకా కళ్లు మూసుకుని, "మొన్న మీరు పాడిన రెండో పాట శ్రుతి తప్పింది" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఏ రోజు ఎవరు తోడు వెళ్లాలో రాయడానికి లెక్కల పుస్తకం చివరి పేజీలో గళ్లు గీశాను. ఎనిమిది మందిలో ఇప్పటికి ఇద్దరి పేర్లే. "ప్రార్థన చేస్తాం నాయనా" అన్నావిడకు మోకాళ్ల నొప్పులు, ఆసుపత్రి మెట్లు ఎక్కలేరు. ఆ అబ్బాయికి మధ్యాహ్నం భోజనం పంపుతానన్నారు. షామియానా సంగతి ఇంకా తేలలేదు.

పక్క మంచం ఆయన భార్య ఒడియా ఆవిడ. సోమవారం ఆయనకు ఏమి తేవచ్చో అడిగి వచ్చాను. ఉప్పు లేని ఉప్మా తెమ్మంది.